రచన వెంట వచ్చిన వాసన

12 జూన్, బుధవారం

రచన ఈ రోజు పనిలో చేరింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా సర్దుకుని నా బండి మీద బస్టాండు దాకా వచ్చింది. కంపెనీ బస్సు ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నేనే నిలబడ్డాను.

అమ్మ అన్నం తినలేదు. దుకాణంలోకి వచ్చి, పప్పు కొనడానికి వచ్చినవాళ్ళ ముందే అడిగింది.

"మన ఇంట్ల ఆడోళ్లు గల్లా కాడ కూసున్నరు గని, తూటాల బారూదు కంపెనీల పనికి పోయిండ్రా ఎన్నడన్న?"

"రచన బీఎస్సీ చదివిందమ్మా. ఊకె ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె?"

"మనకు దుకాణం లేదా రాజేశం?"

లేక కాదు. సంగారెడ్డి పాత బజారులో తాతల నాటి పప్పుల దుకాణం మాది. కానీ రచన అక్కడ కూర్చుంటే వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు ఆమె పొట్ట వైపు, తర్వాత మొహం వైపు చూసి "ఎట్లయింది బిడ్డా" అని మొదలుపెడుతుంది. ఫిబ్రవరిలో మా పాపను కాటికి పంపి, రచనను ఇంటికి తీసుకువచ్చినప్పటి నుంచి ఇదే వరస. నెలలు నిండిన పిల్ల. ఏడవకుండానే పోయింది. ఆ తర్వాత రచన అడిగినదానికి జవాబు చెప్పడమే గాని తనంత తానుగా మాట్లాడింది లేదు. ఈ ఉద్యోగం సంగతి మాత్రం తనే తెచ్చింది. ఇన్ని నెలల్లో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. వద్దని ఎలా అంటాను?

ఇవన్నీ ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాసుకుంటున్నాను.

20 జూన్

అన్నం తింటూ రచన "పచ్చిపులుసుల ఉప్పు తక్కువైంది" అంది. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం.

29 జూన్, శనివారం

ఇవాళ తన పని గురించి చెప్పింది. అమ్మ చపాతీ పిండి కలుపుతుంటే పళ్ళెం తన ముందుకు లాక్కుని తనే పిసకడం మొదలుపెట్టింది.

"మా కాడ గూడ గిట్లనే అత్తమ్మా. మందు పట్టిచ్చిన పత్తి ఉంటది. అది ఉత్తగ ముద్ద గాదు. ఈథరు, స్పిరిటు పోసి పెద్ద మిషన్ల పిసుకుతరు. మైదా పిండి లెక్క మెత్తగైతది. ఇగ మురుకుల గొట్టంల ఒత్తినట్టు ఒత్తి, సన్నగ కోస్తరు. గదే తూటాలల్ల పోసే మందు."

"మరి పోసిన ఈథరు ఏమైతది?" అన్నాను.

"దాని పని ముద్దయ్యేదాంకనే. తర్వాత దాన్ని ఎల్లగొట్టాలె. లోపట మిగిలితే తూటా సరిగ్గ పేలదు. బయట గాలిల నిలిస్తే ఇంకా మోసం. మూత తియ్యంగనే గాలైపోతది, గని పైకి పోదు. బరువు గాలి. నేల మీద పాక్కుంట పోతది. ఏడ నిప్పున్నదో ఎతుక్కుంట పోతది."

"రామ రామ!" అని అమ్మ చెవులు మూసుకుంది. అది చూసి రచన నవ్వింది.

నవ్వింది. చేతులకు పిండితో, తల వెనక్కి వాల్చి. నేను లేచి దుకాణంలోకి వెళ్ళిపోయాను. నా కళ్ళలో నీళ్ళు అమ్మ చూడకూడదని.

8 జూలై

రచన బస్సు దిగి బండెక్కితే ఒక వాసన వస్తుంది. జుట్టులోంచి, చున్నీలోంచి. చల్లగా, తియ్యగా ఉంటుంది. నాకు బాగానే ఉంది.

అమ్మ మాత్రం "ఆపరేషన్ గది వాసన" అంటుంది. వెనకటికి ఆసుపత్రుల్లో మత్తుకు ఈథరే పెట్టేవాళ్ళట. కంపెనీలో పనిచేసే మనిషికి కంపెనీ వాసన రాకుండా ఉంటుందా? మా అమ్మకు నా చొక్కాలో ఎండుమిరప ఘాటు మాత్రం తెలియదు.

23 జూలై

రాత్రి వంటయ్యాక రచన పాత పాట ఒకటి కూనిరాగం తీస్తూ గిన్నెలు సర్దింది. ఒక పళ్ళెం చేయి జారి పడింది. ఆ చప్పుడుకే పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నామో ఇద్దరికీ తెలియదు.

ఎన్నో నెలల తర్వాత నా పక్కన నా వైపు తిరిగి పడుకుంది. పెళ్ళైన కొత్తలో ఉన్న రచన మళ్ళీ ఇంటికి వచ్చింది. ఆ ఉద్యోగానికి, ఆ కంపెనీకి దండం పెట్టాలి.

2 ఆగస్టు

అంతా బాగానే ఉంది.

3 ఆగస్టు

బాగానే ఉంది. బస్సు దిగేటప్పుడు రచన మెట్టు తప్పింది. అలసట.

12 ఆగస్టు, సోమవారం

సంగమ్మ అని ఒకామె శెనగపప్పు కోసం వచ్చింది. రుద్రారం పక్క ఊరామె. రచన కంపెనీలోనే, ముద్ద పిసికే గదిలో ట్రేలు మోస్తుందట. పప్పు తీసుకున్నాక కూడా కదల్లేదు. గిరాకీ తగ్గేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"సేటూ, ఒక మాట. మేడం మాస్కు పెట్టుకుంటలేదు. మిషన్ మూత తీసినప్పుడు మేమందరం పక్కకు పోతం, తల్కాయ తిరుగుతది గద. మేడం గా మూత కాడికే వొయ్యి నిలవడ్తది. కండ్లు మూసుకుంటది. మొన్న గోడకానుకొని కూసుంది. జ్వరమొచ్చిందని సార్లకు నేనే చెప్పిన."

"పని చూడాలంటే దగ్గర నిలబడొద్దా?" అన్నాను.

"గా పని మేడంది కాదు సేటూ. ఆమె కొలతలు రాసుకునే గది వేరే ఉన్నది."

నాకు కోపం వచ్చింది. మీ పని మీరు చూసుకోండి అన్నాను. సంగమ్మ సంచి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పనివాళ్ళకు చదువుకున్న ఆడపిల్ల వచ్చి పైన నిలబడితే నచ్చదు. అంతే అయ్యుంటుంది.

14 ఆగస్టు

అడిగాను. "మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదండి. జెరసేపే గద" అంది. నిజమే. జెరసేపే.

25 ఆగస్టు, ఆదివారం

కంపెనీ సెలవు. రచన పొద్దుటి నుంచి ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. తలనొప్పి, చేతుల్లో వణుకు. అమ్మ టీ గ్లాసు ఇస్తే "నాకొద్దని చెప్పిన గద!" అని అరిచింది. అమ్మను అలా అనడం ఇదే మొదటిసారి. అమ్మ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం రచన సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెనకవైపు గోనె సంచులు పెట్టే చీకటి గది అది. బయటికి వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. అమ్మ దగ్గర కూర్చుని, ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తింది. "తప్పైంది అత్తమ్మా" అంది.

ఆ వాసన వచ్చింది. బట్టలకు పట్టినదే అయ్యుండాలి.

రాత్రి. బట్టలు నిన్ననే ఉతికింది.

3 సెప్టెంబర్

సామాన్ల గదిలో పెసర బస్తా జరుపుతుంటే సీసా కనబడింది. గోధుమరంగు సీసా. తడిగుడ్డ చుట్టి, గోనెల కింద. పక్కనే మడత పెట్టిన చేతిరుమాలు. మూత తీయకుండానే తెలిసింది ఏమిటో.

రచన వచ్చాక చూపించాను. మొహం తెల్లబోయింది. ఆ తర్వాత చాలా మామూలుగా చెప్పింది.

"శాంపిల్ అండి. బ్యాగుల ఉండిపోయింది. రేపు వాపసు పెడ్త."

"శాంపిల్‌కు తడిగుడ్డ ఎందుకు?"

"చల్లగ ఉండాలె గదా. లేకుంటే గాలైపోతది."

సరే అన్నాను. సీసాను గుడ్డతో సహా మళ్ళీ ఉన్నచోటే, గోనెల కింద పెట్టాను. నా చేతులతోనే. ఎండ తగలకుండా సంచి ఒకటి అడ్డం కూడా పెట్టాను.

4 సెప్టెంబర్

సీసా అక్కడ లేదు. తీసుకుపోయింది. చెప్పినట్టే చేసింది.

మిగతా చోట్ల చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది?

15 సెప్టెంబర్, ఆదివారం

ఇవాళ చెప్పింది.

అమ్మ గుడికి వెళ్ళింది. నేను సామాన్ల గది తలుపు తోశాను. రచన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం మీద రుమాలు. నన్ను చూసి దాచలేదు. ఓపిక లేదు కాబోలు. కిటికీ తెరిచి, ఆమెను వాకిట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కాసేపటికి తెలివిలోకి వచ్చింది.

"ఎప్పటిసంది?"

"మొదటి వారంలనే. మూత తీసిండ్రు. తల తిరిగింది. ఇగ చప్పుడు బందైంది."

"ఏం చప్పుడు?"

"పాప ఏడుపు."

"పాప ఏడవనే లేదు గద రచనా" అన్నాను.

"గదే. అప్పుడు ఏడుస్తదేమో, ఇప్పుడు ఏడుస్తదేమో అని ఎదురుసూసిన గద. డాక్టరమ్మ పాప కాళ్లు వట్టి ఈపు మీద కొట్టింది. మీరు బయట ఉన్నరు, మీకెట్ల తెలుస్తది? గా ఎదురుసూసుడు ఇంక ఆగలేదు. పొద్దుమాపు చెవులు గటు దిక్కే ఉంటయ్. గా ఈథరు పీలిస్తేనే ఆగుతది."

డాక్టరు దగ్గరకు పోదామన్నాను. పిచ్చిదని రాస్తారని, ఉద్యోగం పోతుందని, ఇల్లు పట్టుకుని కూర్చుంటే చచ్చిపోతానని ఏడవకుండా చెప్పింది. కొంచెం కొంచెం తగ్గిస్తానంది. దసరా దాటేలోపు పూర్తిగా మానేస్తానంది. అమ్మకు చెప్పొద్దని నా చేయి పట్టుకుంది.

సరే అన్నాను. తనే చదువుకున్న మనిషి, దాని గుణం నాకంటే తనకే తెలుసు. ఒక్కసారిగా మానిపిస్తే ఏమవుతుందో. మళ్ళీ ఆ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉన్న మౌనం నేను భరించలేను.

ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

22 సెప్టెంబర్

తగ్గించింది.

29 సెప్టెంబర్

తగ్గించిందనే అనుకుంటున్నాను.

5 అక్టోబర్

వీధిలో ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతున్నారు. అమ్మ రచనను పిలిచింది. "నేను రాను అత్తమ్మా. నా దిక్కు జూసి అయ్యో అంటరు" అంది. అమ్మ బలవంతం చేయలేదు. తనూ వెళ్ళలేదు. ఇద్దరూ గడపలో కూర్చుని పాట విన్నారు.

9 అక్టోబర్, బుధవారం

రేపటి నుంచి దసరా దాకా కంపెనీకి వరస సెలవులు. రచన బ్యాగు బరువుగా తెచ్చింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

అడగలేదు. పండగ పూట గొడవెందుకని.

16 అక్టోబర్, బుధవారం. హైదరాబాద్

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే ఇది జరగలేదని నన్ను నేను నమ్మించుకుంటానేమో అని భయంగా ఉంది.

ఆరు రోజుల కిందట, సద్దుల బతుకమ్మ రోజు పొద్దున అమ్మ తలస్నానం చేసి దేవుడికి దీపం పెట్టింది. ప్రతి పండక్కీ చేసినట్టే, ఇత్తడి గిన్నెలో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి గదిగదికీ తిప్పింది. నేను ముందు దుకాణంలో ఉన్నాను. తంగేడు పూలు కొనడానికి వచ్చినవాళ్ళతో వీధి సందడిగా ఉంది. రచన ఎక్కడుందో నాకు తెలుసు. సామాన్ల గదిలో. అమ్మ అటు వెళుతోందని కూడా తెలుసు. పొగ వాసన దగ్గర నుంచి దూరం జరుగుతోంది. ఒక్క కేక వేస్తే ఆగేది. గిరాకీ ఉంది. లేదు, గిరాకీ కాదు. కేక వేస్తే "ఎందుకు?" అని అడుగుతుంది. చెప్పాల్సి వస్తుంది.

చప్పుడు పెద్దగా లేదు. పెద్ద దుప్పటి దులిపినట్టు ఒక్క చప్పుడు.

నేను వెళ్ళేసరికి గది నేల మీద మంట పరుచుకుని ఉంది. నీలంగా, సరిగ్గా కంటికి ఆనకుండా. అమ్మ తలుపు దగ్గరే ఉంది. చీరె కుచ్చిళ్ళ నుంచి పైదాకా అంటుకుంది. బయటికి పరుగెత్తవచ్చు. తలుపు ఆమె వెనకే ఉంది. పరుగెత్తలేదు. "రచనా, లేవు బిడ్డా, లేవు!" అని అరుస్తూ లోపలికే పోయింది.

రచన మూలనున్న పాత నులక మంచం మీద కూర్చుని ఉంది. చూస్తోంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

అమ్మే చేయి పట్టి లాగి నా మీదికి నెట్టింది. నేను రచనను వాకిట్లో పడేసి, తొట్టిలో గోనెలు ముంచి తెచ్చి అమ్మ మీద కప్పాను. పక్కింటివాళ్ళు వచ్చారు. నీళ్ళు, ఇసుక. మంట ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. గదిలో బస్తాలు కూడా పూర్తిగా కాలలేదు. అమ్మ ఒక్కతే కాలింది. రచనకు రెండు అరచేతులు.

17 అక్టోబర్

పోలీసు వచ్చాడు. ఇవాళ్టికి అమ్మ మాట్లాడగలుగుతోంది. డాక్టరు పక్కన నిలబడ్డాడు.

"నిప్పుల గిన్నె నా చేతులకెళ్లి జారింది సారూ. నా చీరె మీదనే వడ్డది. ఎవ్వలు జేసింది గాదు."

అతను రాసుకుని వెళ్ళాక నన్ను దగ్గరకు రమ్మంది.

"కోడలి పేరు రానియ్యకు నాయినా. పిల్ల ఇప్పటికే సగం పోయింది."

"నీకు ఎరుకేనా అమ్మా?"

"నాకు ముక్కు లేదా? శానా దినాలసంది ఎరుకే. గని నువ్వు సంబురంగ ఉన్నవ్. గంత సంబురం నీ మొకంల మల్ల సూస్తననుకోలేదు. ఎట్ల చెడగొట్టాలె అని ఊకున్న."

19 అక్టోబర్

అమ్మ పోయింది.

27 అక్టోబర్

దినవారాలు ముగుస్తున్నాయి. సంగమ్మ పరామర్శకు వచ్చింది. "నేను చెప్పిన గద సేటూ" అంటుందని ఎదురుచూశాను. అంటుందని కాదు, అనాలని. ఆమె అనలేదు. రచన కట్లు కట్టిన చేతులను తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు నాతో చెప్పింది.

"మేడం జాగల కొత్త పిల్లను పెట్టిండ్రు. మాస్కు మెడలనే ఉంటది. ఉక్కవోస్తుందంటది."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన. నీ పని నువ్వు చూస్కో అన్నది."

29 అక్టోబర్

ఈథరు ఆగినప్పటి నుంచి రచన రాత్రింబవళ్ళు వణుకుతోంది. వాంతులు. ఇంట్లో పీల్చడానికి వీలున్న గోళ్ళరంగు సీసా, పెయింటు డబ్బా ఏదీ లేకుండా తీసేశాను. తనే చెప్పింది తీసేయమని.

ఇవాళ పొద్దున మంచం మీద నుంచి లేచి, "ఠాణాకు పోదాం పాండి" అంది.

"అమ్మ వద్దన్నది రచనా. ఆఖరి మాట అది."

"అత్తమ్మ నన్ను బతికిచ్చింది. చేయి జారిందని ఆమె మీదనే తప్పు వెట్టుకొని పోయింది. రేపు మంది ఏమంటరు? ముసలామె నిప్పులు సంభాళించలేకపోయిందంటరు. అట్ల అంటుంటే నేను ఇనాల్నా?"

"జైల్ల పెడితే?"

"పెట్టనియ్యండి."

నేను ఇంకా ఏవేవో చెప్పాను. దుకాణం, పరువు, ఆమె ఆరోగ్యం. అన్నీ విని, కాలిన చేతులతో చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి ప్రయత్నించింది. పెట్టుకోలేకపోయింది. నేనే వంగి పెట్టాను.

ఠాణాలో ఎస్సై చిన్నవాడు. ఓపిగ్గా విన్నాడు. ఎక్కడి నుంచి తెచ్చింది, ఎలా తెచ్చింది, ఎన్నాళ్ళుగా. రచన తల వంచకుండా చెప్పింది. చివరికి అతను నా వైపు తిరిగాడు.

"మీకు ఎరుకేనా ఇది?"

"ఆయనకేం తెల్వది సార్" అంది రచన, నేను నోరు తెరవకముందే.

గోడ మీద పంకా తిరుగుతోంది. ఆ మాట పట్టుకుని నేను ఇంటికి వెళ్ళిపోవచ్చు. అమ్మ రచన కోసం చెప్పినట్టు రచన నా కోసం చెబుతోంది. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ నాకు ఏమీ తెలియదనే చెబుతారు. నేను కూడా ఇన్నాళ్ళూ అదే రాసుకున్నాను.

"తెలుసు సార్" అన్నాను. "సీసా నేను చూసిన. ఏమైతదో గూడ నాకు చెప్పింది. నిప్పును ఎతుక్కుంట పోతదని చెప్పింది. అమ్మ నిప్పులు పట్టుకొని అటు పోవుడు గూడ నాకు ఎరుకే."

రచన నా వైపు చూసింది. ఎస్సై కలం ఆపి మమ్మల్నిద్దరినీ చూసి, నీళ్ళు తెప్పించాడు.

8 నవంబర్

కేసు రాశారు. నాకూ రచనకూ బెయిలు వచ్చింది. కంపెనీవాళ్ళు తమ ఈథరు చుక్క కూడా బయటికి పోలేదని రాసిచ్చారట. రచన తమ మనిషే కాదు, కాంట్రాక్టరు మనిషి అన్నారట. రచనను హైదరాబాద్‌లో మత్తు మాన్పించే ఆసుపత్రిలో చేర్చాను. దుకాణం తెరవలేదు.

17 నవంబర్, ఆదివారం

రచనను చూడటానికి లోపలికి పంపించారు. ఆసుపత్రి వెనక సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. రచన బాగా చిక్కింది. కట్లు తీశారు. అరచేతుల్లో చర్మం గులాబీ రంగులో, సాగదీసినట్టు మెరుస్తోంది.

"నిద్ర వడ్తుందా?"

"లేదు."

"చప్పుడు?"

"వస్తది. ఇప్పుడు అత్తమ్మ పిలుపు గూడ వస్తది. లేవు బిడ్డా అని."

ఆ మత్తు లేకుండా, నవ్వు లేకుండా, ఎదురుగా ఉన్న ఈ మనిషిని నేను ఇన్ని నెలలుగా సరిగ్గా చూడలేదు. నవ్వే రచన కోసం ఈమెను ఆ చీకటి గదిలో ఒంటరిగా వదిలేశాను. అది ఆమెతో చెప్పాలనుకున్నాను.

లోపల ఎవరో ఏదో సామాను కింద పడేశారు. రచన ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. ముందు సన్నగా, పళ్ళు బిగించి. తర్వాత బిగువు విడిపోయింది. మా పాప పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు. అమ్మను తీసుకుపోతున్నప్పుడు కూడా ఏడవలేదు. నడుము వంగిపోయి, నోరు తెరిచి, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. అటువైపు బెంచీల్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నర్సు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఊరుకో అనలేదు. కాలిన చేతులు నొప్పి పుట్టకుండా మణికట్టు దగ్గర పట్టుకుని, ఏడుపు అంతా వింటూ కూర్చున్నాను.